అల్యానికో: ఆలస్యంగా పండే ద్రాక్ష, ఆలస్యంగా దక్కిన గుర్తింపు

క్లుప్తంగా: దక్షిణ ఇటలీలోని కంపానియా, బసిలికాటా కొండల్లో పండే నల్ల ద్రాక్ష అల్యానికో. చిక్కటి రంగు, గట్టి వగరు, ఎండకు లొంగని పులుపు దీని గుర్తులు. దీంతో చేసిన మేలైన వైన్ ఇరవై ముప్పై ఏళ్లు మాగి మెరుగవుతుంది. తోటలో ఆలస్యంగా పండడం, సీసాలో ఆలస్యంగా మెత్తబడడం దీని స్వభావం. ఈ ద్రాక్ష నాణ్యతకు కారణం అదే, మార్కెట్లో ఇంతకాలం వెనకబడడానికీ కారణం అదే. వేసవులు వేడెక్కుతున్న కొద్దీ ఆ ఆలస్యానికి కొత్త విలువ వస్తోంది.

ఇటలీ రెడ్ వైన్ల మాట వస్తే ముందుగా వినిపించేవి ఉత్తరాది బరోలో, మధ్య ఇటలీ కియాంతి, బ్రునెల్లో. దక్షిణాది వైన్ అంటే ఎండకు పండి తీపెక్కిన పండు, ఎక్కువ మద్యం, తక్కువ పులుపు, తక్కువ ధర అనే అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయింది. అల్యానికో ఈ లెక్కకు అందదు. అందుకే వైన్ రాతల్లో దాన్ని ‘దక్షిణాది బరోలో’ అని పిలవడం మొదలైంది. మెచ్చుకోలుగా పెట్టిన ఆ పేరు ఈ ద్రాక్ష ఇంకొకదానికి నకలు అన్న అర్థాన్నీ వెంట తెచ్చింది. అల్యానికో తీరు దాని నేలలో, అది పండే కాలంలో, దాని తొక్కలో ఉంది. పోలిక పక్కనపెట్టి వాటిని చూస్తేనే అది అర్థమవుతుంది.

### తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు

తెలుగు పాఠకులకు ద్రాక్ష అంటే తినే పండు. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పెంచిన అనాబ్-ఎ-షాహీ, ఆ తర్వాత ఊరూరా అమ్ముడైన గింజలేని థాంప్సన్ రకం అందరికీ తెలిసినవే. వాటిలో పండు పెద్దది, తొక్క పల్చన, రసం ఎక్కువ. నమిలినప్పుడు నోటికి ఏదీ అడ్డు తగలకూడదు కాబట్టి రైతు కోరుకునేదీ అదే.

రెడ్ వైన్‌కు కావలసింది దాదాపు దీనికి తలకిందులు. ద్రాక్ష రసానికి చాలా రకాల్లో రంగే ఉండదు. రంగు, వగరు, వాసనలిచ్చే పదార్థాల్లో ఎక్కువ భాగం తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. పండు చిన్నదై తొక్క దళసరిగా ఉంటే, రసంతో పోలిస్తే తొక్క వాటా పెరుగుతుంది. అల్యానికో అలాంటిదే. పిండిన రసాన్ని తొక్కలు, గింజలతో కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టినప్పుడు అవి తమలోని రంగునూ టానిన్లనూ వదులుతాయి. నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టేసే వగరు కూడా టానిన్ల పనే. లాలాజలంలో నోటిని జారుగా ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్ద కట్టించడంతో నోరు ఎండినట్టు, గరుకెక్కినట్టు అనిపిస్తుంది. లేత అల్యానికోలో ఈ గుణం ఎంత ఎక్కువంటే, మొదటిసారి రుచి చూసినవారు అందులోని పండు రుచిని గమనించక ముందే గ్లాసు పక్కన పెట్టేస్తారు. ఈ ద్రాక్షకున్న చెడ్డపేరులో సగం ఇక్కడ పుట్టిందే.

### దక్షిణాన ఉంది, కోత మాత్రం చివర

మ్యాపు మీద చూస్తే విషయం వింతగా ఉంటుంది. బరోలో పండే పియెమోంటే కన్నా అల్యానికో ప్రాంతాలు దాదాపు నాలుగు అక్షాంశ డిగ్రీలు దక్షిణాన ఉన్నాయి. అక్కడ ద్రాక్ష ముందే పండాలి. కానీ కంపానియా లోతట్టు ప్రాంతమైన ఇర్పీనియాలో అల్యానికో కోత సంప్రదాయంగా అక్టోబరు చివర మొదలై నవంబరులోకి సాగుతుంది. ఇటలీలో అన్నిటికన్నా చివర కోసే నల్ల ద్రాక్షల్లో ఇదొకటి.

ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది ఈ ద్రాక్ష జన్యు స్వభావం. వసంతంలో త్వరగానే చిగురిస్తుంది గానీ పండడానికి చాలా కాలం తీసుకుంటుంది. రెండోది ఎత్తు. నేపుల్స్ తీరం నుంచి లోపలికి వెళ్తే ఇర్పీనియా ఉన్న అవెల్లీనో జిల్లా అంతా కొండలూ అడవులూ. చలికాలంలో మంచు కురుస్తుంది. తోటలు ఎక్కువగా 300 నుంచి 700 మీటర్ల ఎత్తులో ఉంటాయి. పగలు ఎండ కాసినా రాత్రి చలి దిగుతుంది.

ఆ రాత్రి చలికి చాలా విలువ ఉంది. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. వీటిలో మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాసక్రియలో ఖర్చు చేసుకుంటుంది. వేడి పెరిగితే ఆ ఖర్చు పెరుగుతుంది, చల్లదనంలో తగ్గుతుంది. ఆగస్టు వేడిలో పండే రకాలు చక్కెరను త్వరగా పోగుచేసుకుంటాయి, పులుపును అంతే త్వరగా పోగొట్టుకుంటాయి. అల్యానికో చివరి దశకు వచ్చేసరికి అక్టోబరు చలి మొదలవుతుంది. చక్కెర చేరుతూనే ఉంటుంది, తొక్కలోని టానిన్లు పక్వానికి వస్తూ ఉంటాయి, పులుపు నిలిచి ఉంటుంది. ఈ మూడూ ఒకే పండులో కుదరడం దక్షిణాదిలో అరుదు.

దీనికి మూల్యమూ ఉంది. త్వరగా చిగురించే మొక్క వసంతపు మంచుదెబ్బకు దొరుకుతుంది, ఆలస్యంగా పండేది శరత్కాలపు వానలకు దొరుకుతుంది. వానకు భయపడి ముందే కోస్తే గింజల్లోని పచ్చి చేదు వైన్‌లోకి దిగుతుంది, ఆ చేదు ఎన్నేళ్లు మాగినా పూర్తిగా పోదు. ఎప్పుడు కోయాలన్న ఆ ఒక్క నిర్ణయం మీదే ఏడాది పంట ఆధారపడి ఉంటుంది.

### మూడు కొండలు, మూడు తీర్లు

అల్యానికోకు పేరు తెచ్చిన చోట్లు మూడు. ఇర్పీనియాలో కలోరే నది లోయ చుట్టూ 17 మునిసిపాలిటీల పరిధిలో తయారయ్యే వైన్ తౌరాసి. ఇక్కడి నేలలో సున్నపురాయి, బంకమన్నుతో పాటు వెసూవియస్ విస్ఫోటనాల నుంచి వచ్చిపడిన బూడిద పొరలున్నాయి. 1970లో దీనికి ప్రాంతీయ గుర్తింపు, 1993లో ఇటలీ చట్టంలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా వచ్చాయి. దక్షిణ ఇటలీలో ఆ హోదా పొందిన మొదటి వైన్ ఇదే. నిబంధనల ప్రకారం ఇందులో కనీసం 85 శాతం అల్యానికో ఉండాలి. మూడేళ్లు మాగాకే అమ్మకానికి రావాలి, అందులో ఒక ఏడాదైనా చెక్క పీపాలో గడవాలి. సీసా మీద ‘రిజర్వా’ (ఎక్కువ కాలం మాగించినది) అని రాసుకోవాలంటే నాలుగేళ్లు పడుతుంది, అందులో ఏడాదిన్నర పీపాలో ఉండాలి.

రెండోది బసిలికాటాలోని వూల్తురే. ఇది 1,326 మీటర్ల ఎత్తున్న చల్లారిన అగ్నిపర్వతం. దాని పాత ముఖద్వారంలో ఇప్పుడు రెండు చెరువులున్నాయి. వానలు తక్కువగా కురిసే ఈ ప్రాంతంలో టఫ్ అనే అగ్నిపర్వత శిల తోటను కాపాడుతుంది. సన్న రంధ్రాలతో నిండిన ఆ రాయి చలికాలపు నీటిని దాచుకుని వేసవిలో వేళ్లకు అందిస్తుంది. బరీలే ఊళ్లో అదే రాతిని తొలిచి వైన్ నేలమాళిగలు కట్టుకున్నారు. దగ్గరలోని వెనోసా రోమన్ కవి హోరేస్ పుట్టిన ఊరు. మూడోది బెనెవెంటో దగ్గరి తబుర్నో కొండ. పేరులో వెనకబడినా, ఇక్కడి అల్యానికోలో పులుపు మరింత పదునుగా ఉంటుంది.

ఈ మూడు చోట్లా ద్రాక్ష ఒక్కటే అయినా, తరాలుగా విడివిడిగా పెరగడం వల్ల కొద్దిపాటి తేడాలతో మూడు ఉపరకాలుగా స్థిరపడింది. తౌరాసి గంభీరంగా, బిగువుగా ఉంటుంది. వూల్తురేలో నల్లటి పండు రుచి, పొగ వాసన ముందుకొస్తాయి. రుచిచూసేవారు తరచూ చెప్పే తేడా ఇది. తయారీదారుడి పనితీరు ఈ తేడాను చెరిపేయగలదు కూడా.

### మాగుతున్నప్పుడు సీసాలో జరిగేది

ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఒకటి రెండేళ్లలో తాగాల్సినదే. ఎక్కువ కాలం ఉంచితే మెరుగయ్యేవి కొన్నే. అల్యానికో ఆ కొన్నింటిలో ఉండడానికి ఆధారం టానిన్, రంగు, పులుపు కలిసి చేసే పని.

కొత్త వైన్‌లో టానిన్లూ, ఎర్ర రంగునిచ్చే ఆంథోసయనిన్లూ చాలావరకు విడివిడిగా ఉంటాయి. పీపా చెక్క గుండా, ఆ తర్వాత బిరడా గుండా అతి తక్కువ మోతాదులో ఆక్సిజన్ లోపలికి చేరుతుంది. దాని సాయంతో టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు అణువులతోనూ ముడిపడతాయి. మరోవైపు ఆమ్లం ప్రభావంతో పెద్ద గొలుసులు తెగి కొత్తగా కూడుకుంటాయి. రంగు కలిసిన టానిన్లకు లాలాజలపు ప్రోటీన్లను పట్టుకునే శక్తి తగ్గుతుంది. కొన్ని బరువెక్కి మడ్డిగా అడుగుకు చేరతాయి. ఏళ్లు గడిచే కొద్దీ వగరు మెత్తబడడానికీ, ఊదా ఛాయ పోయి ఇటుక రంగు రావడానికీ కారణం ఇవే.

పులుపు ఇక్కడ కాపలా కాస్తుంది. పీహెచ్ తక్కువగా, అంటే పులుపు ఎక్కువగా ఉన్న వైన్‌లో చెడగొట్టే సూక్ష్మజీవులు సులువుగా పెరగవు, ఆక్సీకరణ నెమ్మదిస్తుంది. నిల్వ కోసం కలిపే సల్ఫర్ డయాక్సైడ్ కూడా తక్కువ మోతాదులోనే బాగా పనిచేస్తుంది. టానిన్ దండిగా ఉండి పులుపు లేని వైన్ కొన్నేళ్లకే నీరసపడుతుంది. పులుపు ఉండి టానిన్ లేని రెడ్ వైన్‌లో మాగడానికి సరుకు తక్కువ. అల్యానికోలో రెండూ నిండుగా ఉంటాయి. కాబట్టి మొదటి అయిదారేళ్లలో మొరటుగా అనిపించే తౌరాసి పదో ఏడు దాటాక తేరుకుంటుంది. తొలినాళ్ల నల్ల చెర్రీ, ప్లమ్ పండ్ల వాసన స్థానంలో తోలు, పొగాకు, ఎండిన ఆకులు, తారు లాంటి వాసనలు వస్తాయి. ఈ మార్పును చూడగలిగేంత ఓపిక ఉన్నవారికే ఈ ద్రాక్ష పూర్తిగా తెలుస్తుంది.

### బరోలోతో పోలిక ఎంతవరకు?

పోలిక పూర్తిగా తప్పేమీ కాదు. బరోలోకు మూలమైన నెబ్బియోలో కూడా త్వరగా చిగురించి ఆలస్యంగా పండేదే. టానిన్, పులుపు రెండూ ఎక్కువే. చట్టమూ అలాగే కాలాన్ని కోరుతుంది: బరోలోకు కనీసం 38 నెలలు, రిజర్వాకు 62.

తేడా రంగుతో మొదలవుతుంది. నెబ్బియోలోలో ఉండే రంగు అణువులు త్వరగా చెదిరిపోయే తరహావి కాబట్టి కొత్తగా ఉన్నప్పుడే ఆ వైన్ పల్చటి ఎరుపులో కనిపిస్తుంది. అల్యానికోలో నిలకడైన మాల్విడిన్ తరహా రంగు ఎక్కువ. గ్లాసులో వెలుతురు దూరనంత ముదురుగా ఉంటుంది. వాసనలోనూ నెబ్బియోలో గులాబీల వైపు, పూల వైపు మొగ్గితే, అల్యానికో నల్లటి పండ్ల వైపు, మట్టి, బూడిద వైపు మొగ్గుతుంది. బరోలో అని ఊహించుకుని తౌరాసి తాగినవారికి అందులో లేనిదే కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు. ఆ బిరుదు చేసిన నష్టం ఇది.

### గ్రీకు కథ, రోమన్ కథ

ఈ ద్రాక్షను గ్రీకు వలసదారులు తెచ్చారని చాలా పుస్తకాలు చెబుతాయి. డీఎన్ఏ పరీక్షల్లో మాత్రం ఇప్పుడున్న గ్రీకు ద్రాక్షలతో దీనికి దగ్గరి చుట్టరికం బయటపడలేదు. రోమన్ల కాలంలో ప్రసిద్ధమైన ఫలెర్నియన్ వైన్ ఇదే ద్రాక్షదని చెప్పడం కూడా అలాంటిదే. క్రీస్తుపూర్వం 121 నాటి ఆ వైన్ దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా తేనెలా చిక్కబడి మిగిలి ఉందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది కంపానియాలోని మాసికో కొండ దగ్గరి వైన్ అన్నది నిజం. అందులో ఉన్నది అల్యానికో అనడానికి ఆధారం లేదు. అమ్మకాలకు ఈ కథలు పనికొచ్చాయి. ఈ ద్రాక్షను గౌరవించడానికి వీటి అవసరం లేదు.

### పేరు ఎందుకు వెనకబడింది?

19వ శతాబ్దం చివరలో ఇర్పీనియా వైన్‌కు గిరాకీ లేకపోలేదు. ద్రాక్ష వేళ్లను తినే ఫైలాక్సెరా పురుగు అప్పటికే ఫ్రాన్స్‌నూ, ఉత్తర ఇటలీనీ దెబ్బతీసింది. ఇర్పీనియాకు అది ఆలస్యంగా చేరింది. ఆ వ్యవధిలో ఇక్కడి ముదురు రంగు వైన్‌ను ఉత్తరాదికి, ఫ్రాన్స్‌కు పంపేవారు. 1895లో పూర్తయిన అవెల్లీనో–రొక్కెత్తా రైలు మార్గం తౌరాసి లోయ గుండా వెళ్తూ ఆ పీపాలనే మోసింది. అయితే వెళ్లిన వైన్‌ను అక్కడి పల్చటి వైన్లకు రంగూ బలమూ చేర్చడానికి వాడుకున్నారు. సరుకు వెళ్లింది, పేరు వెళ్లలేదు.

తర్వాత పురుగు ఇక్కడికీ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం, ఆపై జర్మనీ, స్విట్జర్లాండ్, ఉత్తర ఇటలీ ఫ్యాక్టరీలకు సాగిన వలసలు ఊళ్లను ఖాళీ చేశాయి. తోటలు తిరిగి నాటినప్పుడు రైతులు దిగుబడి ఎక్కువిచ్చే బయటి రకాలను ఎంచుకున్నారు. మూడేళ్లు నిల్వ ఉంచితే గానీ అమ్ముడుపోని వైన్‌ను చేయడం చేతిలో డబ్బులేని రైతుకు సాధ్యమయ్యే పని కాదు. పీపాలు కొనాలి, నేలమాళిగ ఉండాలి, మూడు పంటల పెట్టుబడి తిరిగి రాకుండా ఆగాలి. ద్రాక్ష నిదానం ఇలా పేదరికానికి ఎదురుపడింది. సహకార సంఘాలు ఆ భారాన్ని కొంత పంచుకున్నాయి. 1957లో ఏర్పడిన వెనోసా సంఘం ఇప్పటికీ వూల్తురేలో పెద్ద తయారీదారు.

స్థానిక ద్రాక్షలను పట్టుకుని నిలిచిన కుటుంబాల్లో అట్రిపాల్దాలోని మాస్త్రోబెరార్దీనో ముఖ్యమైనది. యుద్ధానంతరం ఆంటోనియో మాస్త్రోబెరార్దీనో అల్యానికోను, తెల్ల రకాలైన ఫియానో, గ్రేకోలను వదలకుండా సాగుచేశాడు. ఆయన 1968 తౌరాసి దశాబ్దాల తర్వాత కూడా నిలిచి ఉండడమే ఈ ద్రాక్ష ఎంతకాలం బతకగలదన్న ప్రశ్నకు జవాబైంది.

1980 నవంబరు 23న ఇర్పీనియాలో వచ్చిన భూకంపంలో దాదాపు మూడు వేల మంది చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. పునర్నిర్మాణ కాలంలో కొత్త వైన్ సంస్థలు పుట్టాయి, ద్రాక్షను అమ్ముకునే కుటుంబాలు క్రమంగా సొంత సీసాలు నింపడం మొదలుపెట్టాయి. తౌరాసి ప్రాంతంలో అంటుకట్టని, తమ సొంత వేళ్ల మీదే నిలిచిన శతాబ్దం పైబడిన తీగలు ఇప్పటికీ కొన్ని చోట్ల ఎత్తైన పందిళ్ల మీద బతికే ఉన్నాయి. వాటిని కొట్టేసి వరుసల్లో కొత్త మొక్కలు నాటడం సులువు, లాభం కూడా. నిలబెట్టుకున్న రైతులకు వైన్ లోకం రుణపడి ఉంది.

### కొత్త పీపాల మోజు

1990ల్లో అంతర్జాతీయ మార్కెట్ కోసం ఫ్రెంచ్ ఓక్‌తో చేసిన చిన్న కొత్త పీపాలు వచ్చాయి. అంతకుముందు ఇక్కడ చెస్ట్‌నట్ చెక్కతో చేసిన పెద్ద పీపాలు వాడేవారు. చిన్న పీపాలో వైన్‌కు చెక్క స్పర్శ, గాలి స్పర్శ ఎక్కువ. వగరు త్వరగా నునుపెక్కుతుంది, వనిల్లా వాసన చేరుతుంది. కానీ టానిన్ ఇప్పటికే నిండుగా ఉన్న ద్రాక్షకు చెక్కలోని టానిన్ కూడా తోడైతే బరువు మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు చాలామంది పెద్ద పీపాలకు తిరిగి వెళ్తున్నారు. పులియబెట్టేటప్పుడు గింజల నుంచి చేదు దిగకుండా తక్కువ కలియబెడుతున్నారు. అల్యానికోలోని వాసనల మీద పరిశోధన చేసిన లుయీజీ మోయో ఇర్పీనియాలో సొంత తోట పెట్టి, తర్వాత అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఈ ద్రాక్ష మీద శాస్త్రీయమైన శ్రద్ధ పెరిగిందనడానికి ఇదొక గుర్తు.

### వేడి పెరిగితే ఎవరికి లాభం?

వేసవి వేడెక్కితే త్వరగా పండే రకాలు ముందుగా దెబ్బతింటాయి. చక్కెర తొందరపడుతుంది, తొక్క ఇంకా పక్వానికి రాదు. ఆగితే మద్యం శాతం పెరిగి పులుపు పడిపోతుంది. ఫ్రాన్స్‌లోని బోర్దో ప్రాంతం 2021లో ఆరు కొత్త ద్రాక్ష రకాలకు అనుమతి పొందింది, వాటిలో ఆలస్యంగా పండే పోర్చుగల్ రకం టూరిగా నాసియొనాల్ కూడా ఉంది. ఆలస్యం లోపం నుంచి వనరుగా మారుతోందనడానికి ఇది స్పష్టమైన సూచన. ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా, టెక్సస్‌లలో అల్యానికోను నాటడం వెనకా ఇదే లెక్క ఉంది.

అయితే ఆలస్యం ప్రతిచోటా వరం కాదు. దక్కన్ పీఠభూమిలో తీగకు చలికాలపు నిద్ర ఉండదు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కొమ్మలు కత్తిరించి పంటను శీతాకాలానికి మళ్లిస్తారు. పండు ఫిబ్రవరి, మార్చిలో కోతకు వస్తుంది. ఇర్పీనియాలో వాతావరణం చల్లబడుతుండగా పండు పక్వానికి వస్తే, ఇక్కడ ఎండలు ముదురుతుండగా వస్తుంది. ఇంకా ఆలస్యంగా పండే రకాన్ని ఇక్కడ నాటితే దాని చివరి వారాలు నడివేసవిలోకి జారతాయి, కాపాడుకోవలసిన పులుపు అక్కడే పోతుంది. మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఇటలీ రకమైన సాంజోవేజే పండుతోంది కదా అని అల్యానికో కూడా కుదురుతుందని అనుకోవడానికి వీల్లేదు.

### పరిచయం ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలిసారి రుచి చూసేవారికి కొత్త తౌరాసి సరైన మొదలు కాదు. ‘ఇర్పీనియా అల్యానికో’, ‘కాంపి తౌరాసీని’ అన్న పేర్లతో వచ్చేవి, మామూలు ‘అల్యానికో దెల్ వూల్తురే’ త్వరగా తాగడానికి వీలుగా ఉంటాయి, ధర కూడా తక్కువ. తౌరాసి అయితే ఎనిమిది, పదేళ్లు నిండిన సీసా మేలు. అంత వయసున్నదైనా సాధారణంగా అదే స్థాయి బరోలో కన్నా చవకే.

టానిన్లు మాంసంలోని ప్రోటీన్‌తో కలిస్తే నోటిని పట్టే గుణం తగ్గుతుంది. ఇర్పీనియాలో గొర్రె మాంసంతో, గొర్రెపాల చీజ్‌తో దీన్ని తాగడం అందుకే. మన మటన్ వంటల్లో కొవ్వు సాయపడుతుంది గానీ కారం ఎదురు తిరుగుతుంది. మిర్చి మంటను మద్యమూ వగరూ రెట్టింపు చేస్తాయి. తక్కువ కారంతో వేయించిన మాంసం, మిరియాల రుచి ఉన్న కూరలు దీనికి నప్పుతాయి.

గది ఉష్ణోగ్రతలో తాగాలన్న సలహా చల్లటి యూరప్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. హైదరాబాద్, విజయవాడ గదుల్లో సీసాను కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచి 16–18 డిగ్రీలకు తేవాలి. ఏళ్ల తరబడి దాచాలంటే 12–14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి కావాలి. 40 డిగ్రీలు దాటే వేసవిని అలమరాలో గడిపిన సీసా మాగదు, ఉడికిపోతుంది. చల్లటి నిల్వ లేని ఇంట్లో పాత సీసాను కొన్న కొద్ది వారాల్లోనే తెరవడం మంచిది. తెరవడానికి ఒకరోజు ముందు నిటారుగా నిలబెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. కొత్తదైతే వెడల్పాటి పాత్రలోకి వంచి గంటా రెండు గంటలు గాలి తగలనివ్వాలి. బాగా పాతదైతే మడ్డిని వేరుచేయడానికి వంచి, వెంటనే గ్లాసుల్లో పోసుకోవచ్చు.